చిన్న పడవలో పట్టేంత సాయం



ఎక్కడో తుఫాను వచ్చిందనో, వరదలొచ్చాయనో వినగానే మనం చేసే మొట్టమొదటి పని ఏమిటో చెప్పండి. బీరువా తలుపు తీస్తాం. కట్టుకోని చీరలు, పిల్లలకు పొట్టయిపోయిన గౌన్లు, ఎవరి పెళ్ళిలోనో పెడితే నచ్చక అట్టే పెట్టేసిన జాకెట్టు గుడ్డలు, అన్నీ ఓ పాత దుప్పట్లో మూటకట్టి, వాకిట్లోకి వచ్చిన కుర్రవాళ్ళకిచ్చేస్తాం. బీరువాలో చోటూ దొరుకుతుంది, పుణ్యమూ దొరుకుతుంది.

నేనూ అదే చేశాను లెండి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నాకు కొత్తగా పెళ్ళయింది. బెజవాడలో కాపురం. మా వీధి ఆడవాళ్ళమంతా కలిసి మూటలు కట్టాం. నేను ఒకడుగు ముందుకేసి, మావారితోబాటు లారీ వెనకాలే వెళ్ళి, అవనిగడ్డ దగ్గర ఓ బడిలో పెట్టిన శిబిరంలో నా చేతులతో నేనే పంచాను. ఒకామెకు ఒక చీర, కాసిని బియ్యం ఇచ్చాను. ఆవిడ ఆ రెంటినీ చూసి, "చల్లగా ఉండమ్మా, బియ్యమిచ్చావు. దేంట్లో వండుకోను?" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. మామూలుగా అడిగింది. ఇల్లే కొట్టుకుపోయినావిడకు గిన్నె ఎక్కణ్ణుంచి వస్తుంది? మా లారీ నిండా చీరలున్నాయి. ఒక్కటంటే ఒక్క గిన్నె లేదు. ఆ పూట నేను తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఇవాళ నేను చెప్పబోయేది దివిసీమ సంగతి కాదు. ఇక్కడికి వేల మైళ్ళ దూరాన, పసిఫిక్ మహాసముద్రంలో, చిన్న చిన్న తెరచాప పడవలమీద మారుమూల దీవులకు సరుకులు చేరవేసే మనుషుల సంగతి. ప్రభుత్వోద్యోగులు కారు, జీతగాళ్ళు కారు. సొంత పడవ, సొంత ఖర్చు. వాళ్ళ కథ వింటున్నంతసేపూ నాకు ఆ గిన్నె మాటే గుర్తుకొస్తూ వచ్చింది. అందుకని ముందుగా అది చెప్పాను.

మా అక్కయ్య కూతురు న్యూజిలాండులో, ఆక్లండులో ఉంటోంది. 2016లో ఒకరోజు ఫోను చేసి, "పిన్నీ, ఫీజీ దీవుల్లో పెద్ద తుఫాను వచ్చింది, మాకు తెలిసినవాళ్ళు పడవలో సాయం తీసుకెళ్తున్నారు, సరుకు సర్దడానికి నేను కూడా వెళ్తున్నాను" అంది. ఆ మాట మీద మొదలైంది నా ఆసక్తి.

ఫీజీ అంటే మనకు పరాయి ఊరేమీ కాదు. తెల్లదొరల కాలంలో చెరకు తోటల్లో పనికి మనదేశంనుంచి దాదాపు 60 వేలమందిని ఓడల్లో అక్కడికి తీసుకుపోయారు. ఎగ్రిమెంటు అనే మాట నోరు తిరగక 'గిర్మిట్' అన్నారు వాళ్ళు. 1903 నుంచి మద్రాసు రేవులో కూడా ఎక్కించారు. అలా వెళ్ళినవాళ్ళలో తమిళులతోబాటు మన విశాఖపట్నం ప్రాంతంవాళ్ళు, ఇంకా ఇతర జిల్లాల తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడున్నారు. అయితే వాళ్ళలో ఎక్కువమంది ఉండేది రెండు పెద్ద దీవుల్లో, వీతి లేవు, వనువా లేవు అనే వాటిల్లో. ఫీజీలో మొత్తం 300కు పైగా దీవులున్నాయి. వంద పైచిలుకు వాటిల్లో మనుషులుంటారు. ఒక్కో దీవిలో నాలుగైదు పల్లెలు, కొన్నిట్లో ఒకే ఒక్క పల్లె. నెలకోసారో రెండుసార్లో సరుకుల ఓడ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అటువంటి దీవులమీద విరుచుకుపడింది ఆ తుఫాను.

దాని పేరు విన్‌స్టన్. 2016 ఫిబ్రవరి 20న వచ్చింది. గంటకు 280 కిలోమీటర్ల గాలి. తూర్పున వనువా బలావు అనే దీవిలో ఒక విసురు 306 కిలోమీటర్లు నమోదయింది. 44 మంది పోయారు. సుమారు 40 వేల ఇళ్ళు కూలడమో, దెబ్బతినడమో జరిగింది. కోరో అనే దీవిలో ఊళ్ళకు ఊళ్ళే నేలమట్టమైపోయాయి.

ఇక్కడ మనం ఇల్లాళ్ళం ఒక సంగతి గమనించాలి. ఆ చిన్న దీవుల్లో చాలా వాటికి నదులుండవు. ఇంటి కప్పుమీద పడ్డ వాననీళ్ళే గొట్టంలోంచి తొట్టిలోకి పోతాయి. ఏడాది పొడుగునా తాగేది, వండుకునేది ఆ నీళ్ళే. మరి కప్పు ఎగిరిపోతే? పోయింది నీడ ఒక్కటే కాదు, నీళ్ళూ పోయాయి. ఉన్న నుయ్యిలో సముద్రం పొంగి ఉప్పు కలిసింది. అరటి, కర్రపెండలం, చేమ, అన్నీ పడిపోయాయి. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుందని మన కోనసీమవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ పల్లెలకు చేతిలో డబ్బు ఆడేది యంగోనా అనే మొక్కవల్ల. దాని వేళ్ళు దంచి నీళ్ళలో కలుపుకుని తాగుతారు, పెళ్ళికీ చావుకీ అదే మర్యాద. పిల్లల బడి ఖర్చులు ఆ వేళ్ళమీదే. అది చేతికి రావాలంటే మూడేళ్ళయినా ఆగాలి. ఒక రాత్రి గాలికి మూడేళ్ళ ఫీజులు పోయాయన్నమాట.

సాయం రాలేదా అంటే, వచ్చింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండు యుద్ధనౌకలు వచ్చాయి. మనదేశంనుంచి కూడా వైమానిక దళ విమానంలో సామగ్రి వెళ్ళింది. ఇదంతా లేకపోతే ఎందరు పోయేవారో. కాని రాజధాని సువా రేవులో దిగిన సరుకు దూరపు దీవిలోని పల్లె ఒడ్డుకు చేరాలంటే మళ్ళీ ఒక పడవ కావాలి. ఆ దీవుల చుట్టూ నీళ్ళకింద కోటగోడల్లా పగడపు దిబ్బలుంటాయి. పెద్ద ఓడ లోపలికి రాలేదు.

ఇంకో చిత్రం చెప్తాను, నవ్వకండి. అంతకు ముందు సంవత్సరం, 2015 మార్చిలో, పక్కనే ఉన్న వనువాటు దీవులమీద పామ్ అనే తుఫాను పడింది. ఆ రెండు తుఫానుల తరవాతా అడక్కుండా వచ్చిపడిన సరుకుల గురించి ఆస్ట్రేలియా రెడ్‌క్రాస్‌వాళ్ళు ఒక నివేదిక రాశారు. ఆ కుప్పల్లో ఎత్తు మడమల చెప్పులు, చేతిసంచులు, తివాచీలు, ఉన్ని దుస్తులు కూడా ఉన్నాయట. ఆ ఎండల్లో, ఇసుకలో, ఇల్లు లేని మనిషికి! కొన్ని కంటెయినర్లు నెలల తరబడి రేవులోనే పడి ఉంటే, వాటికి అద్దె పెరిగిపోయింది. ఎవరు పంపారు అవన్నీ? మనలాంటివాళ్ళే. బీరువా తలుపు తీసినవాళ్ళే.

ఇక మన పడవలవాళ్ళ దగ్గరికి వద్దాం. పసిఫిక్‌లో ఏటా వందలకొద్దీ తెరచాప పడవలు దీవి దీవికీ తిరుగుతుంటాయి. వాటిలో ఉండేవాళ్ళు చాలామంది ఉద్యోగాలనుంచి రిటైరైన దంపతులు. పంతుళ్ళు, నర్సులు, ఇంజనీర్లు. ఇల్లు అమ్ముకుని పడవ కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు. నవంబరునుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం గనక, చాలావరకు న్యూజిలాండుకు వెళ్ళి తలదాచుకుంటారు. కొందరు ఫీజీలోనే ఉండిపోతారు. అక్కడ ఒక రేవులో నేలలో గోతులు తవ్వి, పడవ అడుగుభాగం గోతిలో దించి, గాలికి పడిపోకుండా కట్టేస్తారట. వీళ్ళందరినీ కూడగట్టి పని చేయించిన సంస్థల్లో సీ మెర్సీ అనేది ఒకటి. అమెరికాలో రిజిస్టరయినది. తుఫానుకు ముందే వీళ్ళు డాక్టర్లనీ, పళ్ళ వైద్యులనీ, కళ్ళ వైద్యులనీ పడవల్లో ఎక్కించుకుని దూరపు దీవులకు తీసుకెళ్ళేవారు. విన్‌స్టన్ తరవాత అవే పడవలు సహాయపు పనిలోకి దిగాయి.

న్యూజిలాండు ఉత్తరాన ఓపువా అనే రేవుంది. అక్కణ్ణుంచి ఫీజీకి సుమారు 1,100 సముద్రపు మైళ్ళు, అంటే రెండువేల కిలోమీటర్లు. గాలి అనుకూలిస్తే ఎనిమిది పది రోజులు. మా అమ్మాయి సరుకులు సర్దడానికి వెళ్ళింది ఈ ఓపువాకే.

ఆ సర్దుడు గురించి అది చెప్తుంటే మన వంటింటి కథలాగే అనిపించింది నాకు. పడవ పొడుగు 40 అడుగులు. అందులోనే వంట, పడక, స్నానం. అట్టపెట్టె ఒక్కటి కూడా లోపలికి రానివ్వరట. అట్టల మడతల్లో బొద్దింకల గుడ్లుంటాయి, నడిసముద్రంలో అవి పొదిగితే ఇంక వాటితోనే కాపురం. డబ్బాలమీద కాగితాలు చెమ్మకు ఊడిపోతాయని ముందే ఊడబెరికి, డబ్బామీద సిరాతో రాసుకుంటారు, లేకపోతే బఠాణీలనుకుని తెరిస్తే అనాస ముక్కలు! ఏ అరలో ఏముందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటుంది ఆ ఇల్లాలు. పొయ్యి ఊయలలా వేలాడుతూ ఉంటుంది. పడవ ఎటు ఒరిగినా గిన్నె మాత్రం నిటారుగా ఉంటుంది. రాత్రిళ్ళు మూడేసి గంటలకు ఒకరు మేలుకోవాలి, ఒకరు పడుకోవాలి. మొగుడూ పెళ్ళామూ వారంరోజులు ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోరట. "గొడవలు కూడా ఉండవు పిన్నీ, టైముండదు" అంది మా అమ్మాయి.

ఇంతకీ ఆ పడవలో తమ సామాను పోను ఇంకో టన్ను, మహా అయితే రెండు టన్నులు పడుతుంది. అంతకు మించితే పడవ నీళ్ళలో కిందికి దిగిపోయి, పెద్ద అల వస్తే లేవలేదు. అంటే ఒక్కో వస్తువునూ ఎక్కించేముందు, ఇది కావాలా అక్కర్లేదా అని ఆలోచించక తప్పదు. కంటెయినరు పంపేవాడికి ఆ బాధ లేదు. చోటుంది గనక నింపేస్తాడు. చోటు లేనివాడు అడుగుతాడు. నాకు ఇందులో ఉన్న కిటుకంతా ఇదేననిపించింది.

అడిగితే ఏం చెప్పారు దీవివాళ్ళు? రేడియోలోనో ఫోనులోనో ఊరి పెద్ద చెప్పిన జాబితా మా అమ్మాయి నాకు చదివి వినిపించింది. టార్పాలిన్లు. రేకులు బిగించే మేకులు. సుత్తులు, రంపాలు. నీళ్ళ క్యాన్లు. చేపల గాలాలు, దారం. బడి పిల్లలకు పలకా బలపం లాంటివి. ఆ తరవాత, "మూతలతో వంటగిన్నెలు, పెద్దవి, 14." ఆ మాట వినగానే నేను ఫోను పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. "పిన్నీ, ఉన్నావా?" అంది. ఉన్నానే అన్నాను.

ఫీజీలో ఏది పడితే అది దింపనివ్వరు కూడా. తేనె, పళ్ళు, విత్తనాలు, వాడిన బట్టలు, అన్నిటికీ తనిఖీ ఉంది. కొత్త పురుగో తెగులో వస్తే ఉన్న పైరు కూడా పోతుంది గనక ఆ జాగ్రత్త. దూరపు దీవులకు పడవ వెళ్ళాలంటే అనుమతి పత్రం ఉండాలి. జాలి ఉంది గదా అని దూసుకుపోవడానికి వీల్లేదు.

దీవి దగ్గరికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. పగడపు దిబ్బల మధ్య సందు చూసుకుని లోపలికి వెళ్ళాలి. సూర్యుడు నడినెత్తిన గాని, వీపు వెనక గాని ఉన్నప్పుడే ప్రయత్నిస్తారు. ఎండ ఎదురుగా ఉంటే నీళ్ళు అద్దంలా మెరిసి అడుగు కనపడదు. ఒకరు చుక్కాని దగ్గరుంటే, ఒకరు ముందుకొమ్మున నిలబడి నీళ్ళ రంగు చెప్తూ ఉంటారు. ముదురు నీలమైతే లోతు. లేతాకుపచ్చ అయితే జాగ్రత్త. గోధుమరంగు కనబడిందా, ఆపెయ్యి! ఈ దిబ్బలు మనవాళ్ళకూ తెలుసు. 1884 మే 11న కలకత్తానుంచి కూలీలను తీసుకొచ్చిన సిరియా అనే ఓడ ఒడ్డు కనిపించే దూరంలో నసిలాయ్ దిబ్బకు కొట్టుకుని బద్దలైంది. 59 మంది పోయారు. అందులో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. డాక్టరు విలియం మెక్‌గ్రెగర్ అనే అధికారి పడవలు వేసుకుని వెళ్ళి మిగిలినవాళ్ళను కాపాడాడు. ఆ పడవల్లో తెడ్లు వేసినవాళ్ళలో ఆ దేశపు ఫీజీయులున్నారు. వాళ్ళకు మన భాష రాదు, మనవాళ్ళకు వాళ్ళ భాష రాదు.

లంగరు దించాక కూడా వెంటనే మూటలు దింపకూడదు. ముందు ఊరిపెద్దను చూడాలి. అరకిలో యంగోనా వేళ్ళు కాగితంలో చుట్టి తీసుకెళ్ళి, ఆయన ముందు నేలమీద కూర్చుని సమర్పించాలి. దీన్ని సేవుసేవు అంటారు. ఆడవాళ్ళు మోకాళ్ళు కప్పేలా లుంగీలాంటి సులు కట్టుకోవాలి. తలమీద టోపీ ఉండకూడదు, నల్లకళ్ళద్దాలు తీసెయ్యాలి, సంచి భుజానికి తగిలించుకోకుండా చేత్తో పట్టుకోవాలి. ఆయన ఆ వేళ్ళు ముట్టుకుని, చప్పట్లు చరిచి నాలుగు మాటలంటే, అప్పుడు ఆ ఊళ్ళో వీళ్ళు అతిథులు. ఇచ్చేవాడు ముందు చెయ్యి చాపి అనుమతి అడగడం ఎంత బాగుందో చూడండి. పేరంటానికి వెళ్తూ పండో పువ్వో పట్టుకెళ్ళే మనకి ఇది వింతగా అనిపించదు. కాని శిబిరంలో నేను ఎవరినీ ఏమీ అడగలేదు. వరసలో నిలబడమన్నాను.

విన్‌స్టన్ తరవాత ఆ వేళ్ళే కరువైపోయాయి. ఊళ్ళో పండిందంతా పోయింది, బజార్లో ధర ఆకాశానికెక్కింది. అయినా పడవలవాళ్ళు ఆ మర్యాద మానలేదట. మంచిపని చేశారు. గాలికి ఇళ్ళు పోయినవాళ్ళకు మర్యాద కూడా పోయిందనుకోకూడదు గదా.

సరుకొక్కటే కాదు. చాలా పడవల్లో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే యంత్రముంటుంది. మన వంటింట్లో గోడకు తగిలించిన ఆర్.ఓ. ఫిల్టరుందే, అదే పద్ధతి. బాగా ఒత్తిడి పెట్టి సన్నని పొరగుండా నీళ్ళను నెడితే ఉప్పు ఇవతల ఉండిపోతుంది. కప్పులు లేని ఊళ్ళో ఆ క్యాన్లు నిండడం ఎంత సంగతో చెప్పక్కర్లేదు. పడవలో తిరిగేవాడికి ఇంజను బాగుచెయ్యడం రాకపోతే బతుకు లేదు గనక, ఊరి జనరేటరు, చేపలపడవ మోటారు విప్పి బాగుచేసిపెట్టేవారు. చత్వారం కళ్ళద్దాలు తీసుకెళ్తే ముసలమ్మలు ఒకటొకటే పెట్టుకుని చూసి, సూదిలో దారం ఎక్కగానే కేకలు వేశారట.

అన్నీ పొగడ్తలే చెప్పడం నాకు ఇష్టం లేదు. ఇందులో తప్పులూ జరుగుతాయి. ఫోటోల కోసం వచ్చేవాళ్ళు ఉండరని కాదు. ఒకే రేవు దగ్గర సులభంగా లంగరు దిగుతుంది గనక అక్కడికే నాలుగు పడవలు వెళ్ళి, కష్టమైన దీవికి ఒక్కటీ వెళ్ళకపోవడం కద్దు. ఇంకో సంకటముంది. అతిథి వస్తే పెట్టకుండా పంపడం ఫీజీ పల్లెల్లో మహా తప్పు. తమకు మిగిలిన నాలుగు దుంపలూ ఉడకబెట్టి వచ్చినవాళ్ళ ముందు పెడతారు. వద్దంటే వాళ్ళకు అవమానం, తింటే మనకు సిగ్గు. ఈ విషయంలో పడవే మేలు. తిండీ పడకా తమ పడవలోనే గనక, నాలుగు ముద్దలు మర్యాదకు తిని లేచిపోవచ్చు. విమానంలో దిగి సహాయం చేస్తామనేవాళ్ళకు ముందు వసతి చూడాల్సి వస్తుంది, ఆ భారం మళ్ళీ ఆ ఊరిమీదే.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకో పడవ, వేగా. 1892లో నార్వేలో కట్టిన చెక్కనావ. దాన్ని ఒక దంపతులు బాగుచేసుకుని, ఇండోనేషియా తూర్పు దీవులకూ తూర్పు తిమోర్‌కూ బడి సామాన్లు, మందులు, మంత్రసానులకు కావలసిన సరంజామా ఏళ్ళ తరబడి చేరవేశారు. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, ఈ ఏడు వెళ్ళినప్పుడు అక్కడి పంతుల్నీ, మంత్రసానినీ కూర్చోబెట్టి ఏం కావాలో రాసుకుంటారు. వచ్చే ఏడు సరిగ్గా అవే తీసుకెళ్తారు. ఏడాది ఆలస్యమే. అయినా మాట ఇచ్చిన మనిషి మళ్ళీ రావడం, అదీ తను అడిగింది పట్టుకుని రావడం, ఆ మంత్రసానికి ఎలా ఉండేదో ఊహించుకోండి.

మా అమ్మాయికి తెలిసిన దంపతులు కూడా 2017లో అదే దీవికి మళ్ళీ వెళ్ళారు. ఈసారి జాబితాలో మేకులు లేవు, గిన్నెలు లేవు. ఆడవాళ్ళు రాయించిన చోట, "ఉన్ని. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఎంత వీలైతే అంత" అని ఉందట. మా అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. ఆ వేడికి ఉన్ని ఏం చేసుకుంటారు పిన్నీ అని నన్నడిగింది. నాకేం తెలుసు? అడిగారుగా, పంపించు అన్నాను. ఆక్లండులో అంగడి అంగడీ తిరిగి రెండు సంచుల ఉన్ని ఉండలు కొని ఇచ్చింది.

ఆ ఏడు తుఫానుల కాలానికి ముందు పడవ తిరిగొచ్చినప్పుడు దానికో చాప తెచ్చిచ్చారు. మన మొగలి జాతి చెట్టు ఆకులు ఎండబెట్టి, సన్నగా చీల్చి నేసినది. అక్కడ పెళ్ళికైనా, పురుటికైనా, శవంకిందికైనా ఆ చాపే పరవాలి. అమ్మినా నాలుగు డబ్బులొస్తాయి. దాని నాలుగంచులా కుచ్చులు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఉన్నితో. కిందటేడు ఇక్కడికి వచ్చినప్పుడు తెచ్చి నాకిచ్చింది. పూజగదిలో పరుచుకున్నాను. మావారు దానిమీద కాలు పెడితే ఊరుకోను.